తల్లికి బదులు

దొరబాబు చేతులు దాచుకుని కూర్చోవడం ఆ ఆసుపత్రికి వచ్చాకే మొదలైంది. అంబాజీపేట కొబ్బరి రాశుల దగ్గర రోజుకు వెయ్యి కాయలు ఒలిచే చేతులవి. నేలలో పాతిన గునపం మొన మీద కాయను గుచ్చి, ఇటో తిప్పు అటో తిప్పు తిప్పి, మూడు పట్లలో డొక్కంతా ఊడదీసి పక్కన పడేస్తాడు. అరచేతులు ఆ డొక్కల్లాగే గరుకెక్కిపోయాయి. అద్దాల గదిలో, ఒళ్ళు వెచ్చగా ఉంచే వార్మరు కింద పడుకోబెట్టిన కూతురి తొడ అతని బొటనవేలంత ఉంది. అది చూసిన నాటినుంచి వరండాలో బల్ల మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాడు.

పాపకు ఆ రోజుతో తొమ్మిది రోజులు నిండాయి. ఏడున్నర నెలలకే పుట్టేసింది. పుట్టిన గంటకే తల్లి ప్రియాంకకు బీపీ పెరిగిపోయి ఫిట్స్ వస్తే, 108 ఎక్కించి కాకినాడ తీసుకుపోయారు. ఆమె అక్కడ, పాప ఇక్కడ. అత్తగారు కూతురి దగ్గర ఉండిపోయింది. దొరబాబు తల్లి సత్యవేణికి ఎడతెగని దగ్గు. చిన్నపిల్లల వార్డు గడప దగ్గరే ఆమెను ఆపేశారు. అందుకని పాప తరఫున ఎవరిని పిలిచినా, లేచి నిలబడేది దొరబాబే.

ఆ ఉదయం డాక్టరు యామిని నవ్వుతూ బయటికి వచ్చింది.

“దొరబాబు గారూ, మంచి కబురు. మీ పాప ఆక్సిజన్ లేకుండా ఊపిరి తీసుకుంటోంది. బరువు పదమూడు వందల ఎనభై గ్రాములు. ఇంక వార్మరు అక్కర్లేదు. ఇప్పుడు కంగారూ చెయ్యాలి.”

“కంగారేం లేదండి. తమరు నిదానంగా చెప్పండి, అలాగే చేసేద్దాం. ఆయ్!”

పక్కనే ట్రే పట్టుకుని నిలబడ్డ నర్సు జెస్సీ ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

“అది కాదండి,” అంది యామిని, తనూ నవ్వు ఆపుకుంటూ. “కంగారూ అని జంతువు ఉంది చూడండి, పిల్లని పొట్ట దగ్గర సంచిలో పెట్టుకుని తిరుగుతుంది. అలా అన్నమాట. పాపని బట్టల్లేకుండా మనిషి గుండె మీద ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టి, పైనించి గుడ్డ చుడతాం. నెలలు నిండని పిల్లలకి మనిషి వెచ్చన కంటే మంచి మందు లేదు. ఎంత ఎక్కువసేపు ఉంచితే అంత తొందరగా బరువు పెరుగుతుంది.”

“బాగుందండి. మరి ఎవరు చెయ్యాలండి?”

యామిని నవ్వు సగంలో ఆగింది. “మామూలుగా అయితే తల్లి.”

మాటలు విని హెడ్ నర్సు విజయ వచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆమెది. నడిచి వస్తుంటే చెప్పుల చప్పుడు కూడా కొలిచినట్టుంటుంది. ఆమె వెనక తల్లుల వార్డు తలుపు, దాని మీద నీలం రంగులో ‘తల్లులకు మాత్రమే’ అన్న బోర్డు.

“ఆ వార్డులోకి మగవాళ్ళు రాకూడదండి డాక్టరు గారూ,” అంది విజయ. “లోపల ఆరుగురు బాలింతలు పిల్లల్ని గుండెల మీద వేసుకుని కూర్చున్నారు. నేనెలా పంపిస్తాను?”

“వార్మరు ఖాళీ చెయ్యాలి కదండి. రాజోలు నుంచి కవలలు బయల్దేరారు. పోనీ తల్లి ఉన్న చోటికే పంపేద్దామా? కాకినాడ?”

“అంత దూరం ప్రయాణంలో పిల్ల చల్లబడిపోతే?” అంది జెస్సీ మెల్లిగా.

దొరబాబు ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. అతను పుట్టుకతోనే పెద్ద గొంతు మనిషి. కొబ్బరి లారీ ఇంజను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి అది ఇంకా పెరిగింది.

“తల్లి దగ్గర లేదని పిల్లని పంపేస్తారా అండి? నేను లేనా?”

లోపల ముగ్గురు పసివాళ్ళు ఒక్కసారి కేరుమన్నారు. విజయ వేలు పెదాల మీద పెట్టుకుంది. దొరబాబు గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

జెస్సీ ట్రే కింద పెట్టి ఫోను తీసింది. “మేడమ్, ట్రైనింగులో మాకు చెప్పేరండి. సర్కారు పంపించిన మార్గదర్శకాల్లో ఉందండి, చూడండి. తల్లికి వీలుకాకపోతే తండ్రి గానీ, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మరొకరు గానీ చెయ్యొచ్చు అని.”

విజయ మెడలో వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుంది. చదివింది. తెర పైకి జరిపి మళ్ళీ మొదటినుంచి చదివింది.

“ఈ కాగితం నా బీరువాలోనే ఉంది,” అంది చివరికి. “ఇంతవరకూ ఏ తండ్రీ అడగలేదు. వాళ్ళు అడగలేదు, నేను చదవలేదు.” ఫోను తిరిగి ఇచ్చి, దొరబాబు వైపు తిరిగింది. “కానీ లోపల ఆడవాళ్ళ ఇబ్బంది ఇబ్బందేనయ్యా. అది కాగితంలో ఉండదు. ఉండు, వాళ్ళనే అడుగుతాను.”

తలుపు మూసుకుని లోపలికి వెళ్ళింది. దొరబాబు చెవి తలుపుకు ఆనించలేదు గానీ, చూపంతా అక్కడే పెట్టాడు. కాసేపు గుసగుసలు, తర్వాత పెద్దగా నవ్వులు. విజయ బయటికి వచ్చేసరికి ఆమె కూడా కొంచెం నవ్వుతున్నట్టే ఉంది.

“నగరం ఊరి నుంచి వచ్చిన టీచరమ్మ ఉంది, జాస్మిన్ అని. ఆవిడ చెప్పింది, ‘మా పక్కన సామాన్ల గది ఉంది కదా మేడమ్, ఆయన్ని అందులో పెట్టండి, మధ్యలో తలుపుకి పరదా వేస్తే మా దారి మాది, ఆయన దారి ఆయనది’ అని. గది ఖాళీ చేయించాలంటే మనుషులు రేపు గానీ రారు.”

“మనుషులెందుకండీ?” అన్నాడు దొరబాబు, ఈసారి గొంతు దించి.

ఆ గదిలో విరిగిన మంచాలు మూడు, పనిచెయ్యని తూకం మిషన్లు రెండు, పాత ఫైళ్ళ మూటలు, ఎవరూ పేరు చెప్పలేని ఇనుప సామాను ఒకటి. తొమ్మిది రోజులుగా పనిలేక మొద్దుబారిన ఒళ్ళు అతనిది. గంటలో అన్నీ వెనక షెడ్డులోకి మోసేశాడు. ఫినాయిల్ వేసి నేల మూడుసార్లు కడిగాడు. ఆయా వచ్చి, తన పని లాక్కుంటున్నాడని పోట్లాడి, చివరికి తనే మందునీళ్ళతో గోడలు తుడిచి ఇచ్చింది. విజయ తన ఇంటినుంచి తెప్పించిన ఆకుపచ్చ దుప్పటి పరదా అయింది.

“ఇప్పుడు మీరు శుభ్రంగా స్నానం చేసి రండి అన్నయ్య గారూ,” అంది జెస్సీ. “ఛాతీ మీద సబ్బు బాగా రుద్దాలి. గోళ్ళు తీసెయ్యాలి.”

గంటన్నర తర్వాత వచ్చాడు దొరబాబు. చొక్కా గుండీలు విప్పగానే జెస్సీ కళ్ళు పెద్దవయ్యాయి. ఛాతీ అంతా నున్నగా గొరిగి ఉంది.

“ఇదేంటండి!”

“నాది ఎలుగుబంటి ఒళ్ళండి. పాపకి గుచ్చుకుంటాదని మంగలి షాపుకి వెళ్ళేను. ‘ఏం బాబూ, కుస్తీ పోటీలా?’ అని అడిగేడండి.”

“స్నానం చేస్తే చాలన్నాను కదా!”

“సబ్బు కూడా రెండుసార్లు రుద్దేనండి. ఆయ్.”

వెనక్కి వాలిన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టారు. పాపకు టోపీ, లంగోటా, కాళ్ళకు ఊలు సాక్సులు. జెస్సీ పాపను తెచ్చి, కప్పలా కాళ్ళూ చేతులూ మడిచి, అతని గుండెకు నిలువుగా ఆనించింది. తల ఒక పక్కకు తిప్పింది. పొడవాటి గుడ్డతో ఇద్దర్నీ కలిపి చుట్టి ముడి వేసింది. ఇంత చేస్తున్నా దొరబాబు చేతులు మాత్రం కుర్చీ చేతుల కింద దాచే ఉంచాడు.

“చెయ్యి పాప వీపు మీద పెట్టండి.”

“వద్దండి. గరుకండి ఇవి.”

“గరుకు మీకే తెలుస్తుంది. పాపకి వెచ్చన తెలుస్తుంది. పెట్టండి.”

పెట్టాడు. వీపు మొత్తం, నడుముతో సహా, అరచేతిలో సరిపోయింది. గుడ్డ కింద చిన్న కదలిక. పాప ఏదో వెతుకుతున్నట్టు ముక్కుతో అతని చర్మాన్ని రెండుసార్లు రాసి, చీమంత నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. దొరబాబు ఊపిరి బిగబట్టాడు.

“మీరు ఊపిరి తీసుకోండి అన్నయ్య గారూ,” అంది జెస్సీ. “మీది వినే అది తీసుకుంటుంది.”

పావుగంట తర్వాత ఒళ్ళు చూస్తే ముప్పై ఆరున్నర డిగ్రీలుంది. గంట తర్వాత ముప్పై ఏడు. విజయ ఆ అంకె స్వయంగా రాసుకుని, కళ్ళజోడు పైనించి అతని వైపు ఒకసారి చూసి వెళ్ళింది.

ఆ మర్నాటినుంచి దొరబాబుకు అదే ఉద్యోగం. రెండు గంటలకోసారి నర్సులు కొలిచి ఇచ్చిన పాలు, ఉగ్గుగిన్నెతో పెదవి అంచున ఆనించి చుక్క చుక్కగా వదలాలి. మింగిందా లేదా అని గొంతు దగ్గర చూడాలి. మొదటి రోజు సగం పాలు మెడ మీదే పోయాయి. మూడో రోజుకి ఒక్క చుక్క కింద పడకుండా పోస్తున్నాడు. కాయ మీద పట్టు ఎక్కడ దొరుకుతుందో చూడకుండానే తెలిసినట్టు, పాప ఎప్పుడు మింగడానికి సిద్ధంగా ఉందో వేలికొసకు తెలిసిపోతోంది. స్నానానికీ తిండికీ లేచినప్పుడు మాత్రం జెస్సీయో ఆయాయో పాపను తీసుకునేవారు. తిరిగి వచ్చేసరికి పాప ముఖం చిట్లించి ఉందని అతను ఫిర్యాదు చేసేవాడు. పుట్టినప్పటినుంచీ అలాగే ఉందని వాళ్ళు జవాబు చెప్పేవారు.

ఆసుపత్రిలో తల్లులకు రెండు పూటలా భోజనం వస్తుంది. పళ్ళెం మీద ‘తల్లి’ అని రాసి ఉంటుంది గనుక దొరబాబుకు రాదు. రెండో రోజు మధ్యాహ్నం పరదా కింద నుంచి ఒక పళ్ళెం జరుగుతూ వచ్చింది. అన్నం, పప్పు, కోడిగుడ్డు.

“తినండి అన్నయ్య గారూ,” అంది జాస్మిన్ గొంతు అవతలినుంచి. “మా అత్తగారు ఇంటినుంచి కేరేజీ పంపించేరు. బాలింతని నేనొక్కదాన్నే అయితే సరిపోయేది గానీ, ఇక్కడ ఏడుగురం ఉన్నాం కదా.”

పరదా వెనక నవ్వులు పేలాయి. ఏడో బాలింత కూడా నవ్వాడు, పొట్ట కదిలి పాప లేస్తుందేమోనని భయపడుతూ.

సాయంత్రాలు కాకినాడ నుంచి ఫోను వచ్చేది. ప్రియాంక ఐసీయూ నుంచి మామూలు వార్డుకు మారింది. గొంతు ఇంకా నీరసంగానే ఉంది. వీడియోలో ఆమెకు పాప ముఖమే చూపించేవాడు దొరబాబు. టోపీ, మూసిన కళ్ళు, ముడుచుకున్న పిడికిలి. ఫోను అంతకంటే కిందికి దిగనిచ్చేవాడు కాదు.

“ఎలా ఉంది బావా?”

“బంగారంలా ఉందే. ఇవాళ ఇరవై గ్రాములు పెరిగింది.”

“సాక్సులు ఉన్నాయా కాళ్ళకి?”

“ఉన్నాయి.”

“తియ్యకు. చలి కదా.”

“తియ్యనులే. నువ్వు పడుకో.”

ఫోను పెట్టేశాక దొరబాబు పాప సాక్సులు పైకి లాగి సర్దేవాడు. పాప పాదాలు రెండూ లోపలికి తిరిగి ఉన్నాయి. అరికాలు అరికాలును చూసుకుంటున్నట్టు. పుట్టిన రోజే యామిని అతనికి చూపించి, కాగితం మీద రాసుకుంది. “పుట్టిన ప్రతి బిడ్డనీ తల నుంచి కాలివేళ్ళ దాకా చూసి రాయాలని సర్కారు నియమం,” అంది. “ఇది నయమయ్యేదేనండి. జిల్లా కేంద్రంలో ప్రతి మంగళవారం పాదాల క్లినిక్కు ఉంటుంది. రెండున్నర కిలోలకు రాగానే మొదలుపెడతారు. వారానికో సిమెంటు కట్టు, అయిదో ఆరో పడతాయి. మడమ దగ్గర చిన్న గాటు, తర్వాత ప్రత్యేకం బూట్లు. అంతా ఉచితమే. పాప నడుస్తుంది, పరిగెడుతుంది.” అతను విన్నాడు, నమ్మాడు కూడా. కానీ బీపీ దిగని ప్రియాంకకు ఎలా చెప్పాలో తెలియలేదు. మనసులో పెట్టుకుని బాధపడితే మళ్ళీ ఫిట్స్ వస్తాయేమోనని భయం. ఈ రోజు వద్దు, రేపు చెబుదాం అనుకుంటూ అయిదు రేపులు గడిపేశాడు.

ఆరో రోజు పెదనాన్న గోవిందరాజులు వచ్చాడు. కొబ్బరి రాశి ఆయనదే. దొరబాబు పని చేసేది ఆయన దగ్గరే. విజయను బతిమాలుకుని, కాళ్ళూ చేతులూ కడుక్కుని, గుమ్మంలో నిలబడి తమ్ముడి కొడుకును కాదు, ఇంకెవరినో చూస్తున్నట్టు చూశాడు.

“ఏంట్రా ఈ వేషం?”

“కంగారూ అంటారు పెదనాన్నా. గొంతు తగ్గించండి, పడుకుంది.”

“రెండు లారీలు ఆగిపోయేయిరా. నువ్విక్కడ పిల్లని మోస్తా కూర్చుంటే...” ఆయన మాట ఆగింది. అప్పుడే ఒక సాక్సు జారి, గుడ్డ అంచు నుంచి చిన్న పాదం బయటికి వచ్చింది. ఆయన వంగి చూశాడు. ముఖం మారింది. “ఏడో నెల పిల్ల. ఆడపిల్ల. దానికి తోడు ఇదా? ఒరేయ్ దొరా, ఎందుకురా ఈ తాపత్రయం? దేవుడి మీద వదిలెయ్యి. వయసులో ఉన్నారు, మళ్ళీ పుడతారు.”

దొరబాబు లేవబోయాడు. గుండె మీద పాప. అరవబోయాడు. గుండె మీద పాప. జీవితంలో అంత కోపాన్ని అంత చిన్న గొంతులో పట్టించాల్సి రావడం అతనికి అదే మొదలు.

“పెదనాన్నా,” అన్నాడు గుసగుసగా, “మీరు పెద్దవారు. ఇంకో మాటంటే నేను మీ గుమ్మం తొక్కను. కాయలు ఎవరి చేతనైనా ఒలిపించుకోండి. ఈ పిల్ల ఇప్పుడు నా ఊపిరి విని ఊపిరి తీసుకుంటోంది. నేను ఎవరి మీదా వదలను.”

పరదా అవతల అందరూ వింటున్నారు. గోవిందరాజులు జేబురుమాలుతో మెడ తుడుచుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. జారిన సాక్సు వైపు చూపించాడు. “పాదం చల్లబడుద్ది. వెయ్యరా దానికి,” అన్నాడు. తర్వాత, “ప్రియాంకకి తెలుసా?”

“లేదు.”

“ఎన్నాళ్ళు దాస్తావు?” అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఎన్నాళ్ళో తేలడానికి ఎంతో పట్టలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే అత్తగారు ఫోను చేసింది. బీపీ అదుపులోకి వచ్చింది, పంపించేస్తున్నారు, మధ్యాహ్నానికి అక్కడుంటాం అని. దొరబాబు అప్పుడు పాపకు పాలు పడుతున్నాడు. ఎన్ని రోజులకో మళ్ళీ ఒక చుక్క పాలు పాప మెడ మీద పడ్డాయి.

“ఏంటండి, భార్య వస్తుంటే సంతోషం ఉండాలి గానీ?” అంది జెస్సీ.

అతను సంగతి చెప్పాడు. జెస్సీ విని, గుడ్డ అంచు సర్ది, “నేను పక్కనే ఉంటాను. బీపీ మిషను కూడా పెట్టుకుంటాను. మీరే చెప్పాలి కానీ, అన్నయ్య గారూ,” అంది.

ప్రియాంక పన్నెండున్నరకు వచ్చింది. సన్నబడిపోయింది. తల్లి భుజం పట్టుకుని నడుస్తోంది. స్నానం చేయించి, ముందు గుండీల నైటీ వేసి, తల్లుల వార్డులో కిటికీ పక్క మంచం మీద కూర్చోబెట్టారు. విజయ పరదా ఎత్తి, “ఇవాళ్టికి నీకు అనుమతి. రా,” అంది దొరబాబుతో. ఆరుగురు బాలింతలూ పైటలు సర్దుకుని సిద్ధంగా ఉన్నారు. ఇన్నాళ్ళూ గొంతు మాత్రమే విన్న మనిషిని చూడాలని అందరికీ ఉంది.

అతను తన గుండె మీది ముడి విప్పాడు. పాపను తల కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తి, భార్య గుండెకు ఆనించాడు. “కాళ్ళు ఇలా మడవాలి. తల ఒక పక్కకి. గడ్డం వంగకూడదు, ఊపిరి ఆడదు,” అంటూ గుడ్డ చుట్టాడు. ప్రియాంక చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

“ముట్టుకుంటే ఏమవుద్దోనని భయంగా ఉంది బావా.”

“ఏమవ్వదు. గరుకు నీకు... అంటే, నీ చేతులు మెత్తనే కదా. పెట్టు.”

పెట్టింది. పాప ఒక్కసారి మూలిగి, ముక్కుతో వెతుక్కుని, నిదానంగా సర్దుకుంది. ప్రియాంక కళ్ళల్లోంచి నీళ్ళు దిగి పాప టోపీ మీద పడ్డాయి. దొరబాబు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంక చెప్పలేడు.

“ప్రియా, నీకో మాట చెప్పాలి. ముందు కంగారు పడకూడదు. డాక్టరమ్మ నయమవుద్దని చెప్పేరు. పాప...”

“పాదాలా?” అంది ప్రియాంక.

దొరబాబు చెయ్యి పాప సాక్సు మీదికి వెళ్ళింది.

“పుట్టగానే నర్సమ్మ ఎత్తి చూపించింది కదా,” అంది ఆమె తల దించుకుని. “ముఖం కంటే ముందు అవే చూసేను. తర్వాత ఏం జరిగిందో తెలీదు. తెలివొచ్చేసరికి నువ్వు పిల్లని గుండె మీద వేసుకుని కూర్చున్నావని అమ్మ చెప్పింది. నువ్వు సరిగ్గా చూడలేదేమో అనుకున్నాను. చూస్తే దింపేస్తావేమోనని...” పాప టోపీ సవరించింది. “అందుకే సాక్సులు తియ్యొద్దనేదాన్ని.”

“చలికి అనుకున్నాను!”

“చలేంటి, ఈ ఎండల్లో!”

మొదట జాస్మిన్ నవ్వింది. తర్వాత కిటికీ పక్కనున్న అత్తగారు, ఆ తర్వాత వార్డంతా. ప్రియాంక ఏడుస్తూనే నవ్వింది. దొరబాబు మాత్రం వెంటనే నవ్వలేకపోయాడు. మంచం అంచున తల ఆనించి, ఇన్ని రోజులుగా మోసిన బరువు దిగిపోయినట్టు రెండు మూడు గట్టి ఊపిర్లు తీసుకున్నాడు. జెస్సీ ప్రియాంక చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట ఇరవై ఆరు, ఎనభై రెండు. “ఆవిడ బాగానే ఉన్నారు. మీకూ చూడనా అన్నయ్య గారూ?” అంది.

ప్రియాంక సాక్సులు రెండూ తనే తీసింది. లోపలికి తిరిగిన ఆ చిన్న పాదాలను ఇద్దరూ చెరొకటి పట్టుకుని వార్డంతా చూస్తుండగానే చూసుకున్నారు. అవి వెచ్చగా ఉన్నాయి. వేళ్ళు మిరియం గింజల్లా ఉన్నాయి. ఎవరూ జాలి మాటలు అనలేదు. ఒకావిడ లేచి వచ్చి, “గోళ్ళు చూడండి, అప్పుడే పెరిగిపోయేయి,” అంది.

సాయంత్రం డాక్టరు యామిని చీటీ పుస్తకం పట్టుకుని వచ్చింది. పాప బరువు పదిహేను వందల యాభై. ఇంకో పది పదిహేను రోజుల్లో ఇంటికి, ఇంకో రెండు నెలలకి పాదాల క్లినిక్కుకి. ఇప్పుడే పేరు రాసి పంపిస్తే వాళ్ళ జాబితాలో ఉంటుందని చెప్పింది.

“మంగళవారాలు పాపని ఎవరు తీసుకెళ్తారు?”

“నేనండి,” అన్నారు ఇద్దరూ.

“ఒకళ్ళు చాలండి.”

“నువ్వు కాయలు ఒలుచుకో బావా. ఇన్నాళ్ళు పనికెళ్ళలేదు.”

“మంగళవారం రాశికి సెలవు పెడతానని పెదనాన్నకి ఫోనులో చెప్పేసేను. నువ్వింకా కోలుకోవాలి.”

“రెండు నెలలు ఉంది కదా కోలుకోడానికి! అయినా మొదటి కట్టు కట్టినప్పుడు ఏడుస్తాది. నేనుండాలి.”

“ఏడిస్తే ఊరుకోబెట్టడం నీకొచ్చా? ఇవాళే కదా ఎత్తుకున్నావు!”

“పరదా ఇవతలికి ఒక్కరోజు రానిస్తే అప్పుడే ఎంత పెద్దరికం వచ్చేసిందో చూడండి మేడమ్!” అంది ప్రియాంక.

యామిని కలానికి మూత పెట్టి, గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని, తగువు తేలేదాకా సుఖంగా కూర్చుంది.